కోపం వాడిది, పవర్ ప్లే మనది

2020 జనవరి 11, కాల్గరీలో ఫ్లేమ్స్‌కి ఎడ్మంటన్ ఆయిలర్స్‌కి ఐస్ హాకీ మ్యాచ్. రెండూ కెనడాలో అల్బెర్టా వైపు ఊళ్ళే, ఒకళ్ళంటే ఒకళ్ళకి ఎప్పట్నించో పడదు, మ్యాచ్ ఉందంటే కోడిపందెం రోజులాగే ఉంటుంది అక్కడ. ఆ రోజు ఫ్లేమ్స్ ఫార్వర్డ్ మాథ్యూ కచక్ (స్పెల్లింగ్‌లో ముందు టీ ఉంటుంది, పలకరు), ఆయిలర్స్‌లో మంచి కండపుష్టి ఉన్న జాక్ కాసియన్‌ని రెండు సార్లు గట్టిగా గుద్దాడు. రెండోసారికి కాసియన్‌కి చిర్రెత్తుకొచ్చింది. లేచి వెళ్ళి కచక్ జెర్సీ దొరకబుచ్చుకుని గుడ్డ ఉతికినట్టు అటూ ఇటూ విదిలించి పిడిగుద్దులు గుద్దాడు, కచక్ మాత్రం తల లోపలికి పెట్టుకుని తాబేలులా ముడుచుకున్నాడు, తిరిగి కొట్టనే లేదు. రిఫరీలు కాసియన్‌కి 4 నిమిషాల డబుల్ మైనర్, పైన 10 నిమిషాల మిస్‌కండక్ట్ ఇచ్చారు. కచక్‌కి ఏమీ లేదు. అలా అవతల ఒకడు తగ్గినప్పుడు దొరికే పవర్ ప్లేలో (క్రికెట్‌ది కాదు) ఎలియాస్ లిండ్‌హోమ్ కొట్టిన గోల్‌తోనే ఫ్లేమ్స్ 4-3తో గెలిచింది. కాసియన్‌కి తర్వాత 2 మ్యాచ్‌ల సస్పెన్షన్ కూడా పడింది. మ్యాచ్ అయ్యాక కచక్ చెప్పిన మాట సారాంశం ఏంటంటే, వాడు అలా రెచ్చిపోతానంటే మాకేం అభ్యంతరం లేదు, పవర్ ప్లే తీసుకుంటాం, గెలిపించే గోల్ తీసుకుంటాం, టేబుల్‌లో ఫస్ట్ ప్లేస్‌కి పోతాం అని.

తొట్టిలో పిల్లని గిల్లి జోల పాడటం అంటారే, అచ్చం అదే. ఐస్ హాకీలో ఇలా గిల్లడం ఒక ఉద్యోగం. వీళ్ళని అక్కడ పెస్ట్ అంటారు, ఎజిటేటర్ అంటారు, మనం చెవిలో జోరీగ అనుకుంటే సరిపోతుంది. అవతలి టీమ్ ఫ్యాన్స్ వీళ్ళని బూతులు తిడతారు, సొంత ఊళ్ళో మాత్రం వీళ్ళ జెర్సీలే వేసుకుని తిరుగుతారు. కామెంటేటర్లు వీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు టీమ్‌కి ఎనర్జీ తెస్తాడు అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. ఆ ఎనర్జీ ఎక్కడ్నించి వస్తుంది, ఎట్లా గోల్‌గా మారుతుంది అన్నది మాత్రం ఎవరూ పెద్దగా విప్పి చెప్పరు, అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు ఈ ఆట నడిచే తీరు కొంచెం తెలియాలి, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఒక్కో టీమ్‌కి మంచు మీద ఐదుగురు, గోలీ ఒకడు. మ్యాచ్‌కి 12 మంది ఫార్వర్డ్స్, ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్ళు, ఇద్దరు గోలీలు డ్రెస్ అవుతారు. ఫార్వర్డ్స్ ముగ్గురేసి నాలుగు లైన్లు (మొదటి దాంట్లో స్టార్లు, నాలుగో దాంట్లో ఒళ్ళు వంచి కష్టపడేవాళ్ళు), ఒక్కో లైన్ సుమారు 45 సెకన్లు ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచ్ మీదకి వచ్చి కూలబడుతుంది, ఆట ఆగకుండానే ఇంకో లైన్ గోడ దూకుతుంది. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) దగ్గరున్న వాడిని భుజంతో, ఒంటితో గుద్దడం రూల్స్ ప్రకారం కరెక్టే. తప్పు చేస్తే మాత్రం 2 నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి, అంతసేపూ వాడి టీమ్ నలుగురితోనే ఆడాలి, అదే అవతలి వాళ్ళకి పవర్ ప్లే. ఈ టీములన్నీ ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో పవర్ ప్లేలు సుమారుగా ఐదింట్లో ఒకటి గోల్ అవుతాయి. రెండు టీములూ కలిపి ఆరు గోల్స్ పడే ఆటలో ఊరికే ఒక పవర్ ప్లే దొరకడం అంటే అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఈ జోరీగ గాడు చేసేదేంటో దగ్గర్నుంచి చూద్దాం. నాలుగో లైన్ గోడ దూకింది. వీళ్ళు పక్‌ని అందంగా పాస్‌లు చేసుకుంటూ పైకి తీసుకెళ్ళరు, సగం దాటగానే అవతలి మూలకి విసిరేస్తారు, దాని వెనకాల పడతారు. ఆ మూల పక్ తీసుకోవడానికి అవతలి డిఫెన్స్ వాడు వెనక్కి తిరిగి వెళ్ళాలి, అంటే వాడి వీపు మనవాడికి కనిపిస్తోంది, ముఖం గోడకి ఉంది. వాడు పక్ తాకి వదిలిన మరుక్షణం ఢాం అని బోర్డ్స్‌కి అతుక్కుంటాడు. ఆ గుద్దు వల్ల పక్ దొరక్కపోవచ్చు, చాలాసార్లు దొరకదు కూడా. కానీ ఐదు నిమిషాల తర్వాత అదే డిఫెన్స్ వాడు మళ్ళీ అదే మూలకి వెళ్ళేటప్పుడు ఒక కన్ను పక్ మీద, ఒక చెవి వెనకాల మీద ఉంటుంది. స్కేట్ల చప్పుడు వినపడగానే పక్‌ని చూసి ఇవ్వాల్సింది పోయి ఎటో ఒక వైపు తోసేసి ఒళ్ళు కాపాడుకుంటాడు. ఆ తోసేసిన పక్ మన మొదటి లైన్ స్టార్‌కి దొరుకుతుంది. గోల్ స్టార్ పేరు మీద పడుతుంది, అసలు ఆ గోల్‌కి బీజం 15 నిమిషాల ముందు పడిన ఆ గుద్దు దగ్గరుంది, స్కోర్‌కార్డ్‌లో అది ఎక్కడా కనపడదు.

విజిల్ పడ్డాక ఇంకో ఆట మొదలవుతుంది. గోలీ పక్ మీద చెయ్యి వేశాడు, ఆట ఆగింది, మనవాడు మాత్రం ఆగడు, సరిగ్గా గోలీ ముందు బ్రేక్ వేసి మంచు పొడి వాడి ముఖాన కొడతాడు. డిఫెన్స్ వాళ్ళు వచ్చి తోస్తారు, ఇతను నవ్వుతాడు. గ్లవ్ ఉన్న చేత్తో ముఖం మీద రుద్దుతాడు, మోకాళ్ళ వెనక స్టిక్‌తో చిన్నగా పొడుస్తాడు, నోరు అస్సలు మూయడు. ఈ నోటి పనిని చర్పింగ్ అంటారు, మన క్రికెట్ భాషలో స్లెడ్జింగ్. ఫిన్లాండ్ ఆటగాడు ఎసా టిక్కనెన్ అని ఎడ్మంటన్ పాత టీమ్‌లో ఉండేవాడు, ఫిన్నిష్ ఇంగ్లిష్ కలిపి ఎవరికీ ముక్క అర్థం కాని భాషలో మ్యాచ్ మొత్తం వాగుతూనే ఉండేవాడంట, దానికి టిక్కీ టాక్ అని పేరు కూడా పెట్టారు. అర్థమైతే జవాబైనా చెప్పొచ్చు, అర్థం కాకపోతే ఇంకా మంట. ఆయన ఊరికే వాగుడుకాయ అనుకునేరు, 5 స్టాన్లీ కప్పులున్నాయి చేతిలో, లీగ్ ఛాంపియన్‌కి ఇచ్చే కప్ అది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, రిఫరీ కన్ను ఎప్పుడూ రెండో దెబ్బ మీద పడుతుంది. మొదట గిల్లినవాడిని సాధారణంగా చూడడు, చూసినా ఇంత చిన్నదానికి విజిల్ ఎందుకులే అనుకుంటాడు, తిరిగి కొట్టినవాడు మాత్రం అందరి ముందూ దొరికిపోతాడు. స్కూల్లో వెనక బెంచీ గొడవలు గుర్తు తెచ్చుకోండి, టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడు పెన్నుతో పొడిచినవాడు ఎప్పుడూ దొరకలేదు, అబ్బా అని అరిచినవాడే బయట నిలబడ్డాడు. జోరీగ పని మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది. గీత మీద కాలు పెట్టాలి కానీ దాటకూడదు, అవతలివాడు మాత్రం దాటాలి. అందుకే ఈ పని నిజంగా బాగా చేసేవాళ్ళని గమనిస్తే వాళ్ళకి కోపం ఉండదు, నటన ఉంటుంది. కోపం వచ్చిందా, ఆ రోజుకి వాడు పనికిరాడు.

చాలామంది వీళ్ళనీ ఎన్‌ఫోర్సర్లనీ ఒకే గాటన కట్టేస్తారు, అది తప్పు. ఎన్‌ఫోర్సర్ అంటే బౌన్సర్ లాంటివాడు, మన స్టార్ మీద ఎవడైనా చెయ్యి వేస్తే వెళ్ళి కొట్టేవాడు. 1970ల్లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అలాంటివాళ్ళతోనే లీగ్‌ని గడగడలాడించి 1974లో, 75లో వరసగా కప్ కొట్టింది, వాళ్ళలో డేవ్ షుల్ట్జ్ 1974-75 సీజన్లో 472 పెనాల్టీ నిమిషాలు తెచ్చుకున్నాడు, ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ ముట్టుకోలేదు. 1992లో ఇన్‌స్టిగేటర్ రూల్ గట్టిగా వచ్చింది, ఫైట్ మొదలెట్టినవాడికి అదనంగా పెనాల్టీ. దాంతో బౌన్సర్ చేతులు సగం కట్టేసినట్టయింది, జోరీగకి మాత్రం పండగే, ఎందుకంటే ఇప్పుడు కోపమొచ్చి మీదకొచ్చినవాడు టీమ్‌కి ఇంకా ఎక్కువ నష్టం చేస్తాడు. తర్వాత తర్వాత ఆట స్పీడ్ పెరిగింది, జీతాలకి పరిమితి వచ్చింది, కొట్టడానికి మాత్రమే ఒకడిని పెట్టుకునే స్థోమత టీములకి పోయింది. ఎన్‌ఫోర్సర్లు కనుమరుగయ్యారు, గిల్లేవాళ్ళు మిగిలారు, మిగలడమే కాదు ఇప్పుడు వాళ్ళలో కొందరు కోట్లు తీసుకునే స్టార్లు.

సరే, అవతలివాళ్ళని చెడగొట్టడం అర్థమైంది, మరి సొంత బెంచ్‌కి ఊపు ఎలా వస్తుంది? హాకీ బెంచ్ చాలా ఇరుకు, ఇరవై మందిలో మంచు మీద లేనివాళ్ళంతా భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు. ఒక గోల్ తిన్నప్పుడు ఆ బెంచ్ ఒక్కసారిగా చల్లబడిపోతుంది, అందరూ తలలు దించుకుని వాటర్ బాటిల్స్ వైపు చూస్తుంటారు. చాలామంది కోచ్‌లు సరిగ్గా అప్పుడే మొదటి లైన్‌ని కాకుండా ఎనర్జీ లైన్‌ని, అంటే ఈ జోరీగల లైన్‌ని పంపిస్తారు. గోల్ కొట్టమని కాదు, 45 సెకన్ల పాటు పక్‌ని అవతలి మూలలో ఉంచి ఇద్దర్ని గోడకి వేసి రమ్మని. ఆ గుద్దు పడగానే బెంచ్ మీద ఉన్నవాళ్ళంతా స్టిక్స్‌తో గోడని టకటకా కొడతారు, లేచి నిలబడతారు, సొంత గ్రౌండ్ అయితే 18 వేల మంది జనం కూడా లేస్తారు. తల దించుకున్నవాళ్ళు తల ఎత్తారా లేదా అన్నదే అక్కడ లెక్క. న్యూయార్క్ ఐలండర్స్‌లో మ్యాట్ మార్టిన్, కేసీ సిజికస్, కాల్ క్లటర్‌బక్ ముగ్గురూ ఏళ్ళ తరబడి ఇదే పని చేశారు, నాలుగో లైన్ అయినా వాళ్ళకి ఐడెంటిటీ లైన్ అని పేరొచ్చింది, అంటే ఆ టీమ్ ఎట్లాంటిదో చూపించే లైన్ అని. నాలుగో లైన్‌ని చూసి టీమ్ స్వభావం చెప్పడం విచిత్రమే కానీ ఆ టీమ్ విషయంలో నిజమే.

ఇంకోటి కూడా ఉంది, ఇది తక్కువగా మాట్లాడుకునేది. జోరీగ ఉన్నప్పుడు అవతలి టీమ్ చూపు మొత్తం వాడి మీదే ఉంటుంది, వాడిని ఎట్లా దొరకబుచ్చుకోవాలి, ఏ షిఫ్ట్‌లో బదులు తీర్చుకోవాలి అన్నదే బుర్రలో తిరుగుతుంటుంది. ఈలోపు మన నెమ్మదస్తుడైన స్టార్‌ని ఎవరూ పట్టించుకోరు, వాడి పని వాడు చేసుకుపోతాడు. ఇంట్లో అల్లరి పిల్లాడు ఒకడుంటే రెండోవాడు ఏం చేసినా ఎవరికీ కనపడనట్టు.

అయితే ఈ ఊపుని అంకెల్లో చూపించమంటే కష్టం. ఎన్ని హిట్స్ కొట్టారన్న లెక్క మ్యాచ్ తర్వాత వస్తుంది, దాన్ని పట్టుకుని మేమే బాగా ఆడాం అనుకునేవాళ్ళున్నారు, నిజానికి హిట్స్ ఎక్కువ అంటే పక్ మీ దగ్గర లేదని కూడా అర్థం, పక్ ఉన్నవాడినే కదా గుద్దేది. అందుకే ఇప్పటి ఎనలిస్టులు హిట్స్ కన్నా ఒకడు ఎన్ని పెనాల్టీలు తెప్పించాడు, ఎన్ని తెచ్చుకున్నాడు అన్న తేడాని చూస్తారు. 20 తెప్పించి 30 తెచ్చుకున్నవాడు ఎంత హడావిడి చేసినా టీమ్‌కి బొక్కే. బయట్నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఒకడు కత్తి, ఇంకోడు చేతిలో పేలే టపాసు.

దీన్ని మొత్తంగా ఒక టీమ్ కథలో చూడాలంటే ఫ్లోరిడా పాంథర్స్‌ని మించింది లేదు. 2021-22 సీజన్లో వాళ్ళు 58 మ్యాచ్‌లు గెలిచి 122 పాయింట్లతో లీగ్‌లో నంబర్ వన్, గోల్స్ కూడా అందరికన్నా ఎక్కువ. చూడ్డానికి ముచ్చటైన ఆట. ప్లేఆఫ్స్ (ఒక్కో రౌండ్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళు పైకి) రెండో రౌండ్‌లో పక్కూరి టాంపా బే దొరికింది, నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయారు, ఆ నాలుగింట్లో మొత్తం కొట్టింది 3 గోల్స్. సీజన్ అంతా విరగదీసిన టీమ్, గుద్దులు మొదలవగానే మాయమైపోయింది. ఆ జులై 22న మేనేజ్‌మెంట్ చేసిన పనికి అందరూ నోరెళ్ళబెట్టారు. ఆ సీజన్లోనే 115 పాయింట్లు (ఆటగాడి లెక్కలో గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) కొట్టిన జొనథన్ హ్యూబర్డోని, డిఫెన్స్‌లో మూలస్తంభం లాంటి మెకెంజీ వీగర్‌ని, ఇంకో కుర్రాడిని, పైన ఒక ఫస్ట్ రౌండ్ పిక్‌ని (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ ఛాన్స్) కాల్గరీకి ఇచ్చేసి మాథ్యూ కచక్‌ని తెచ్చుకున్నారు, 8 ఏళ్ళకి ఏడాదికి 95 లక్షల డాలర్ల కాంట్రాక్ట్‌తో. పాయింట్ల లెక్క చూసుకుంటే నష్టమే, కచక్‌వి ఆ ఏడాది 104. వాళ్ళు కొన్నది పాయింట్లని కాదు.

మొదటి ఏడాది టీమ్ 92 పాయింట్లకి పడిపోయింది, చివరి ప్లేస్‌లో గోటితో పట్టుకుని ప్లేఆఫ్స్‌లోకి వచ్చింది, అంటే 122 పాయింట్ల టీమ్‌ని చెడగొట్టుకున్నారని తిట్టినవాళ్ళకి పూర్తి సాక్ష్యం దొరికింది. మొదటి రౌండ్‌లో ఎదురు వచ్చింది బోస్టన్ బ్రూయిన్స్, ఆ సీజన్లో 65 గెలుపులు, 135 పాయింట్లు, లీగ్ చరిత్రలోనే రికార్డ్. పాంథర్స్ 3-1 వెనకబడింది. అయిదో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో (స్కోర్ సమమైతే ఆడే అదనపు ఆట, ముందు గోల్ కొట్టినవాళ్ళే గెలిచినట్టు) కచక్ గోల్, ఆరు గెలిచారు, ఏడు గెలిచారు, రికార్డ్ టీమ్ ఇంటికి. తర్వాత టొరంటోని పంపిన గోల్ నిక్ కజిన్స్‌ది, అది కూడా ఓవర్‌టైమే, కజిన్స్ ఎవరంటే కచక్, సామ్ బెనెట్‌లతో కలిసి ఆడిన ఇంకో గిల్లుడుగాడు. ఒకే లైన్‌లో ముగ్గురు జోరీగలు! కరొలైనాతో నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు, మొదటిది నాలుగో ఓవర్‌టైమ్ దాకా వెళ్తే ముగించింది కచక్, రెండోది ఓవర్‌టైమ్‌లో ముగించిందీ కచక్కే, నాలుగోది ఇంకా 4.9 సెకన్లు ఉందనగా గెలిపించిందీ కచక్కే. గిల్లడం, గోల్ కొట్టడం రెండూ ఒకే మనిషి చేస్తే అవతలి కోచ్‌కి దారి ఉండదు, వాడిని పట్టించుకోవద్దు అని చెప్పలేడు, పట్టించుకోండి అనీ చెప్పలేడు.

మరి ఫైనల్లో ఏమైంది అంటే అక్కడ ఈ మందు పని చెయ్యలేదు. వేగస్ గోల్డెన్ నైట్స్ కొమ్ములు తిరిగిన పెద్ద పెద్ద మనుషుల టీమ్, పాంథర్స్ గిల్లితే నవ్వి ఊరుకుని పవర్ ప్లేలో గోల్స్ కొట్టారు. కచక్‌కే మొదటి రెండు మ్యాచ్‌ల్లోనూ మిస్‌కండక్ట్‌లు పడ్డాయి, రెండో మ్యాచ్ 7-2, తర్వాత కచక్‌కి ఛాతీ ఎముక విరిగింది, సిరీస్ 4-1తో పోయింది. అవతలివాడు స్పందించకపోతే గిల్లేవాడు ఒట్టి పెనాల్టీల మూటే, ఇంతకన్నా మంచి పాఠం ఆ కుర్రాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. 2024లో కప్ కొట్టిన టీమ్, అంతకన్నా ఎక్కువగా 2025లో కొట్టిన టీమ్ చూస్తే ఆ తేడా తెలుస్తుంది, అదే దూకుడు, కానీ చాలా చల్లగా. 2025 ఫైనల్ మూడో మ్యాచ్‌లో ఎడ్మంటన్‌ని 6-1తో కొట్టారు, రెండు టీములకీ కలిపి 140 పెనాల్టీ నిమిషాలు, అందులో పెద్ద వాటా ఎడ్మంటన్‌దే. లోకంలో అందరికన్నా బాగా ఆడే కానర్ మెక్‌డేవిడ్ ఉన్న టీమ్, ఆ రాత్రి తన మనుషులు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బాక్స్‌లోకి వెళ్తుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది.

ఆ 6-1 మ్యాచ్ మొదలైన 56 సెకన్లకే మొదటి గోల్ కొట్టినవాడి పేరు బ్రాడ్ మార్షాండ్, ఈ వృత్తిలో పెద్దాయన అంటే ఇతనే. 5 అడుగుల 9 అంగుళాలు, 2006 డ్రాఫ్ట్‌లో 71వ నంబర్ దాకా ఎవరూ తీసుకోలేదు. 2011 ఫైనల్లో బోస్టన్ తరఫున ఆడేటప్పుడు వాంకూవర్ స్టార్ డేనియల్ సెడిన్‌ని, ఆ సీజన్లో 104 పాయింట్లతో లీగ్ టాపర్ అతను, పట్టుకుని ముఖం మీద వరసగా గుద్దాడు, సెడిన్ చేతులు కిందే పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు కొట్టావయ్యా అంటే కొట్టాలనిపించింది కొట్టా అన్నాడు. సెడిన్ పెద్దమనిషి తరహాలో ఊరుకున్నాడు, రూల్ ప్రకారం అది తెలివైన పనే, కానీ వాంకూవర్ బెంచ్ మీద అది ఎలా కనిపించిందో ఊహించుకోండి, మన టాప్ ప్లేయర్‌ని ఒక పొట్టివాడు చెంపలు వాయిస్తుంటే అందరం చూస్తున్నాం. ఏడో మ్యాచ్ వాంకూవర్‌లోనే, బోస్టన్ 4-0, అందులో రెండు గోల్స్ మార్షాండ్‌వి. టీమ్ వైట్‌హౌస్‌కి వెళ్ళినప్పుడు ఒబామా ఇతని ముద్దుపేరు చదివి అదేం పేరయ్యా అని నవ్వాడు, ఆ పేరుకి అర్థం చిన్న ద్వేషపు ఉండ అని. 2018 ప్లేఆఫ్స్‌లో అయితే ఇంకా దరిద్రంగా ఇద్దరు ఆటగాళ్ళ ముఖాలు నాలుకతో నాకాడు, లీగ్ పిలిచి ఇంక నాకితే ఊరుకోం అని వార్నింగ్ ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి సీజన్లో 100 పాయింట్లు కొట్టాడు.

గిల్లడంలో కొత్త పద్ధతులు కనిపెట్టినవాళ్ళకి రూల్‌బుక్‌లో చోటు దక్కుతుంటుంది. 2008 ఏప్రిల్ 13న న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు షాన్ ఏవరీ, న్యూజెర్సీ గోలీ మార్టిన్ బ్రొడర్ ముందు నిలబడ్డాడు, అది అందరూ చేసేదే, కానీ ఇతను పక్ వైపు కాకుండా వీపు ఆటకి పెట్టి గోలీ వైపు తిరిగి వాడి కళ్ళ ముందు చేతులూ స్టిక్కూ ఊపడం మొదలెట్టాడు. అప్పటిదాకా అది తప్పని ఎక్కడా రాసి లేదు, ఎందుకంటే అలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు. అదే పవర్ ప్లేలో గోల్ కూడా కొట్టాడు. మర్నాటికల్లా లీగ్ ఇలా చేస్తే పెనాల్టీ అని ప్రకటించింది. ఆ మ్యాచ్ న్యూజెర్సీ గెలిచినా సిరీస్ రేంజర్స్ 4-1తో పట్టుకుపోయింది, సిరీస్ అయ్యాక రెండు టీములూ వరసలో నిలబడి చేతులు కలుపుకోవడం హాకీలో పెద్ద మర్యాద, బ్రొడర్ ఏవరీకి చెయ్యి ఇవ్వలేదు.

అదే ఏవరీ ఆ వేసవిలో డాలస్ స్టార్స్‌కి వెళ్ళాడు. ఫ్రిస్కో వైపు ఉండే మనవాళ్ళకి ఆ టీమ్ పరిచయమే, ప్రాక్టీస్ రింక్ అక్కడే, పిల్లల్ని స్కేటింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. డాలస్‌లో ఏవరీ గిల్లుడు అవతలి టీమ్ మీద ఆగలేదు. డిసెంబర్‌లో కెమెరాల ముందుకొచ్చి తన పాత గర్ల్‌ఫ్రెండ్ గురించీ, ఇప్పుడు ఆమెతో ఉన్న వేరే ఆటగాడి గురించీ నీచంగా ఒక మాట అన్నాడు. లీగ్ 6 మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది, సొంత డ్రెస్సింగ్ రూమే మాకు వద్దు అంది, మళ్ళీ డాలస్ జెర్సీ వేసుకోలేదు. జోరీగకి మొదటి షరతు ఇదే, సొంత ఇంట్లో వాడంటే ప్రాణం ఇవ్వాలి, కనీసం భరించాలి. అది పోయాక వాడి వల్ల వచ్చేది ఊపు కాదు, తలనొప్పి.

నజెం కాద్రిది ఇంకో రకం బాధ. టొరంటోలో ఉండగా 2018లో బోస్టన్ మీద మొదటి మ్యాచ్‌లోనే గీత దాటి 3 మ్యాచ్‌ల సస్పెన్షన్, 2019లో మళ్ళీ అదే బోస్టన్ మీద రెండో మ్యాచ్‌లో ముఖం మీద క్రాస్ చెక్ (స్టిక్‌ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని కొట్టడం) కొట్టి ఆ రౌండ్ మొత్తానికి అవుట్. రెండుసార్లూ టొరంటో ఏడో మ్యాచ్‌లో ఓడింది. లైన్ మధ్యలో ఆడే కాద్రి లాంటి ఒక్క మంచి సెంటర్ ఉంటే ఏమయ్యేదో అని ఆ ఊరి ఫ్యాన్స్ ఇప్పటికీ కుమిలిపోతుంటారు. విసిగిపోయి కొలరాడోకి పంపేశారు, అక్కడ 2021 ప్లేఆఫ్స్‌లో మళ్ళీ 8 మ్యాచ్‌లు. ఇంక వీడు మారడు అనుకున్నారు. 2022లో అదే కాద్రి, అదే మొండితనం, కానీ చేతులు అదుపులో పెట్టుకున్నాడు, టాంపాతో ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్ గోల్ అతనిదే, కప్పూ వచ్చింది.

దెబ్బ మరీ గట్టిగా తగిలితే ఊపు అవతలి బెంచ్‌కి వెళ్ళిపోతుంది, దీనికి పాత ఉదాహరణ క్లోడ్ లెమ్యూ. ప్లేఆఫ్స్ వచ్చిందంటే పూనకం వచ్చే మనిషి, 1995లో సీజన్ మొత్తం 6 గోల్స్ కొట్టి ప్లేఆఫ్స్‌లో 13 కొట్టాడు, బెస్ట్ ప్లేయర్ అవార్డ్ పట్టుకుపోయాడు. 1996లో కొలరాడో తరఫున డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్‌ని వెనక నుంచి గోడకి గుద్దితే డ్రేపర్ దవడ, ముక్కు, చెంప ఎముక విరిగాయి. ఆ ఏడు కప్ కొలరాడోదే. కానీ డెట్రాయిట్ మర్చిపోలేదు, 1997 మార్చి 26న డారెన్ మెకార్టీ లెమ్యూని పట్టుకుని చితకబాదాడు, గోలీలు కూడా మధ్యలోకి వచ్చి కొట్టుకున్నారు, చివరికి ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి 6-5తో గెలిపించింది కూడా ఆ మెకార్టీయే. ఆ జూన్‌లో డెట్రాయిట్ 1955 తర్వాత మొదటిసారి కప్ ఎత్తింది. ఆ రాత్రే మేము టీమ్ అయ్యాం అని చెప్పుకుంటారు అక్కడ.

ఇంక గిల్లడానికీ మనిషిని పాడుచేయడానికీ మధ్య ఉన్న దూరం కూడా చెప్పుకోవాలి. 2010 మార్చిలో పిట్స్‌బర్గ్ ఆటగాడు మ్యాట్ కుక్, బోస్టన్ సెంటర్ మార్క్ సవార్డ్‌ని పక్క నుంచి తలకి తగిలేలా కొట్టాడు, రిఫరీ పెనాల్టీ కూడా ఇవ్వలేదు, అప్పటి రూల్ అలాంటిది. సవార్డ్ కెరీర్ ఏడాది తిరక్కుండా ముగిసిపోయింది. తలకి వచ్చే దెబ్బల మీద లీగ్ రూల్ మార్చింది దీని తర్వాతే. కుక్ మరుసటి ఏడాది ఇంకో పెద్ద సస్పెన్షన్ తిన్నాక ఆట తీరే మార్చుకున్నాడు. ఇలాంటివాటిని కూడా ఎనర్జీ ఖాతాలో రాసేసే కామెంటేటర్లు అప్పట్లో ఉండేవాళ్ళు, ఇప్పుడు తగ్గారు, మంచిదే.

మళ్ళీ ఫ్లోరిడాకి వద్దాం. 2024 ప్లేఆఫ్స్‌లో బోస్టన్‌తో ఆడుతున్నప్పుడు సామ్ బెనెట్ కొట్టిన దెబ్బకి మార్షాండ్ తర్వాతి రెండు మ్యాచ్‌లు ఆడలేకపోయాడు, బోస్టన్ జనం బెనెట్‌ని నోటికొచ్చినట్టు తిట్టారు. 2025 మార్చి 7న మార్షాండ్‌ని బోస్టన్ ఎవరికి ట్రేడ్ చేసిందయ్యా అంటే, ఆ ఫ్లోరిడాకే. గిల్లుడులో యూనివర్సిటీ లాంటి టీమ్‌కి ప్రిన్సిపాల్ వచ్చినట్టయింది. ఆ ప్లేఆఫ్స్‌లో బెనెట్ 15 గోల్స్ కొట్టి బెస్ట్ ప్లేయర్, మార్షాండ్ 10 కొట్టాడు, అందులో 6 ఫైనల్లోనే.

ఫ్లోరిడాలో ఒక వింత ఆచారం ఉంది. 1995లో స్కాట్ మెలన్‌బీ అనే ఆటగాడు డ్రెస్సింగ్ రూమ్‌లో దూరిన ఎలకని స్టిక్‌తో కొట్టి చంపి, అదే రాత్రి అదే స్టిక్‌తో రెండు గోల్స్ కొట్టాడు, అప్పట్నుంచి జనం ప్లాస్టిక్ ఎలకలు రింక్‌లోకి విసరడం మొదలెట్టారు, ఇప్పుడు గెలిచినప్పుడు విసురుతారు. మార్షాండ్‌ని లీగ్ మొత్తం ఏళ్ళ తరబడి ఎలక అనే తిట్టింది. 2025లో అతను వచ్చాక సొంత గ్రౌండ్‌లో గెలిచినప్పుడు పాంథర్స్ ఆటగాళ్ళు మంచు మీద పడిన ఆ ప్లాస్టిక్ ఎలకల్ని స్టిక్‌తో ఏరి ఒక్కొక్కటీ మార్షాండ్ మీదకి కొట్టడం మొదలెట్టారు. 37 ఏళ్ళాయన, మూడు పీరియడ్లు ఆడి చెమటలు కక్కుతూ, చేతులు అడ్డం పెట్టుకుని వంగుతూ తప్పించుకుంటూ టన్నెల్‌లోకి పారిపోయేవాడు, వెనకాల మిగతావాళ్ళంతా పడీ పడీ నవ్వుతూ.